వరద సంచి: అపోహలు - వాస్తవాలు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగాక, కొన్ని వారాల పాటు నా కుట్టుమిషన్ ముందుకు తెగిన సంచులే వచ్చాయి. బ్యాగులు కుట్టడం, బాగుచేయడం ఇరవై ఏళ్లుగా నా పని. వాటిలో ఒకటి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. బట్టకు ఒక్క చిరుగు లేదు, జిప్పు బాగుంది. భుజం పట్టీ మాత్రం పైన ఊడి వేలాడుతోంది. లోపలి వైపు తిప్పి చూశాను. పట్టీని బట్ట అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలోనే, ఒకే వరస కుట్టుతో పట్టించారు. దారం తెగలేదు, బరువు పడేసరికి అంచు పోగులు విడిపోయి కుట్టు మొత్తం జారి వచ్చేసింది. నడుము లోతు నీళ్లలో, చంకలో బిడ్డతో వస్తున్న తల్లి చేతికి ఆ సంచి ఊడి వచ్చింది. వరద వస్తే ముఖ్యమైన వస్తువులతో వెంటనే ఇల్లు వదలడానికి సిద్ధంగా ఉంచుకునే సంచినే వరద సంచి అంటున్నాను. దాని గురించిన అపోహలు ఇవి.

అపోహ: డీనియర్ అంకె ఎంత పెద్దదైతే సంచి అంత గట్టిది.

డీనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. అది దారం లావు మాత్రమే. మంచి 420 డీనియర్ నైలాన్, నాసిరకం 600 డీనియర్ పాలిస్టర్ కంటే తేలిక, రాపిడికి ఎక్కువ కాలం ఆగుతుంది. నేను చూసిన సంచుల్లో బట్ట చిరిగినవి తక్కువ, కుట్టు వదిలినవి ఎక్కువ. అందుకే కొనేముందు లోపలి వైపు తిప్పి చూడండి. పట్టీ మొదట్లో కుట్టు ఒత్తుగా, అడ్డంగా పలుమార్లు పడి ఉండాలి. మేము దాన్ని బార్‌ట్యాక్ అంటాం. లోపలి అంచులకు నాడా చుట్టి ఉండాలి. ఒక చేత్తో పట్టీని, మరో చేత్తో సంచిని పట్టి గట్టిగా లాగండి. కుట్టు రంధ్రాలు నోళ్లు తెరిస్తే అది వద్దు.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే లోపల తడవదు.

బట్ట నీటిని ఆపవచ్చు, సూది గుచ్చిన ఏ రంధ్రమూ ఆపదు. జిప్పు కూడా అంతే. పైన తొడిగే వాన కవరు వీపు వైపు తెరిచే ఉంటుంది కనుక వరద నీటిలో దానితో ఉపయోగం లేదు. సంచి లోపల మందపాటి పాలిథీన్ సంచి పెట్టి, మూతిని మెలితిప్పి, మడిచి కట్టండి. ఆధార్, మందులు, ఫోను దానిలోనే ఉండాలి. అటక మీద ఏళ్లుగా ఉంచిన సంచిని నమ్మకండి; మన కోస్తా ఉక్కకు లోపలి పూత జిగటగా మారి పొరలుగా రాలిపోతుంది.

అపోహ: మిలిటరీ రకం సంచి అయితే దేనికైనా పనికొస్తుంది.

ఇలాంటివి ఖాళీగానే రెండు కిలోలు దాటేవి ఉన్నాయి. మూడు లీటర్ల నీళ్లు పెడితే మరో మూడు కిలోలు. ఒక మనిషికి 25 నుంచి 30 లీటర్ల సంచి చాలు. నింపాక దానిని మోస్తూ రెండు అంతస్తులు ఎక్కి చూడండి. ఆయాసం వస్తే తీయాల్సింది వస్తువులనే. బురద నీటిలో బురద రంగు సంచి ఎవరికీ కనిపించదు, నారింజ రంగు తీసుకోండి.

అపోహ: పట్టీలన్నీ బిగిస్తేనే భద్రం.

పొడి నేల మీద నిజమే. తుంటి ఎముకల మీద కూర్చునే మెత్తని నడుము పట్టీ భుజాల భారాన్ని తగ్గిస్తుంది. కానీ నీటిలోకి దిగేముందు ఛాతీ, నడుము బకిల్స్ రెండూ తప్పక విప్పండి. కాలు జారితే సంచిని క్షణంలో వదిలించుకోగలగాలి. సంచి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

అపోహ: దీనికోసం కొత్త సంచే కొనాలి.

ఇంట్లో మంచి బట్టతో ఉన్న పాత స్కూలు బ్యాగు ఉంటే కుట్టించుకోండి. జిప్పు వెనక నుంచి విడిపోతుంటే చాలాసార్లు అరిగింది రన్నరే, దాన్ని మార్చితే సరిపోతుంది. దారం మాత్రం నైలాన్‌దే వేయమని అడగండి, నూలు దారం తడికి కుళ్లిపోతుంది. ఆ తల్లి సంచికి నేను చేసింది అదే: పోగులు విడిపోయిన అంచును లోపలికి మడిచి, మీద నవారు ముక్క వేసి, నైలాన్ దారంతో నాలుగు వరసలు కుట్టాను.