చెయ్యి ఎత్తని పిల్లలకు పాఠం అందేదెలా?

ఉపాధ్యాయుడు ప్రశ్న అడుగుతాడు. రెండు మూడు చేతులు పైకి లేస్తాయి. వారిలో ఒకరు సరైన జవాబు చెప్పగానే పాఠం ముందుకు సాగిపోతుంది. ఎక్కడి తరగతిలోనైనా కనిపించే ఈ దృశ్యంలో ఒక చిక్కు దాగి ఉంది. జవాబు చెప్పిన పిల్లవాడి సంగతి ఉపాధ్యాయుడికి తెలిసింది గాని, చెయ్యి ఎత్తని మిగతా పిల్లలకు ఏది బోధపడిందో, ఏది పడలేదో తెలియలేదు. అది తెలియనంతవరకు వారికి ఎలాంటి సాయం కావాలో నిర్ణయించే వీలే లేదు. పిల్లలందరూ చదువులో నిలదొక్కుకోవడానికి ఉపాధ్యాయుడు చేయగలిగిన పనులు ఎన్నో ఉన్నా, వాటిలో మొదటిదీ, తక్కినవాటికి ఆధారమైనదీ ఈ తెలుసుకోవడమేనని నా నమ్మకం. అదీ సంవత్సరాంత పరీక్షలో కాదు, పాఠం నడుస్తుండగానే.

అమెరికాలో విజ్ఞానశాస్త్ర బోధనపై పరిశోధన చేసిన మేరీ బడ్ రో, తరగతి గదుల్లో రికార్డు చేసిన సంభాషణలను పరిశీలించి 1970లలో ఒక విషయం బయటపెట్టారు. ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ లోపు జవాబు రాకపోతే ప్రశ్నను మళ్లీ అడగడమో, మరొకరిని లేపడమో, తామే జవాబు చెప్పేయడమో చేస్తున్నారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకో అంతకు కొంచెం ఎక్కువకో పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఏమీ చెప్పలేక ఊరుకోవడం తగ్గింది, వెనకబడినవారన్న ముద్ర పడిన పిల్లలు సైతం ఎక్కువగా మాట్లాడసాగారు. పిల్లవాడు జవాబు చెప్పిన తరువాత కూడా వెంటనే అందుకోకుండా కాసేపు ఆగాలని ఆమె గుర్తించారు, ఎందుకంటే ఆ మౌనంలోనే పిల్లలు తమ మాటను సరిదిద్దుకుంటారు, దానికి కారణం చేరుస్తారు. పైసా ఖర్చు లేని ఈ మార్పు ఆచరణలో మాత్రం తేలిక కాదు. తరగతి ముందు నిలబడిన మనిషికి మూడు సెకన్ల నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది.

ఆగి వినడం ఒక ఎత్తు, వచ్చిన జవాబును చదవగలగడం మరో ఎత్తు. ఒక పిల్లవాడు 52లోంచి 38 తీసివేసి 26 అని రాశాడనుకుందాం. తప్పు గుర్తు పెట్టి, సరైన జవాబు 14 అని పక్కన రాసేసి ముందుకు పోవచ్చు. కానీ కాస్త నిదానంగా చూస్తే ఆ 26 ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు కాబట్టి, పిల్లవాడు పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని, అంటే 8లోంచి 2ను తీసివేసి 6 వేశాడు. పదుల స్థానంలో 5లోంచి 3 తీసి 2 వేశాడు. అతను అజాగ్రత్తగా లేడు. తనకు తానే కల్పించుకున్న ఒక నియమాన్ని శ్రద్ధగా పాటిస్తున్నాడు. 67లోంచి 24 తీసివేయమంటే 43 అని సరిగ్గానే చెబుతాడు, ఎందుకంటే అక్కడ అప్పు తీసుకోవలసిన అవసరం లేదు. ఇలాంటి లెక్కలు సగం, అలాంటివి సగం ఉన్న పరీక్షలో అతనికి నూటికి 50 మార్కులు వస్తాయి. ఆ 50ని చూసి తీసివేతలు సగం వచ్చు అనుకుంటే పొరపాటే. అతనికి రానిది స్థానవిలువ అనే ఒకే ఒక్క భావన. పిల్లల తీసివేత తప్పుల్లో చాలావరకు ఇలా పద్ధతి ప్రకారం జరిగేవేనని జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ప్రచురించిన పత్రంలో వివరంగా చూపారు. అదే తరహా లెక్కలు మరో ఇరవై ఇచ్చి సాధన చేయిస్తే ఆ తప్పుడు నియమమే మరింత గట్టిపడుతుంది.

సరైన జవాబు వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికీ లేదు. 0.35, 0.4 ఈ రెండింటిలో ఏది పెద్దదని అడిగితే, 35 అనేది 4 కన్నా పెద్దది కదా అని మొదటిదాన్ని ఎంచుకునే పిల్లలు ఉంటారు. వారి పొరపాటు వెంటనే బయటపడుతుంది. అయితే దశాంశ బిందువు తరువాత అంకెలు ఎంత ఎక్కువుంటే సంఖ్య అంత చిన్నదని నమ్మే పిల్లలు కూడా కొందరుంటారు, వారు 0.4 అని సరైన జవాబే చెబుతారు. 0.75, 0.3 ఇచ్చి అడిగితేనే వారి సంగతి తెలుస్తుంది. కాబట్టి మంచి ప్రశ్నను ముందుగా ఆలోచించి పెట్టుకోవాలి, ఏ తప్పు ఆలోచన ఉన్నవారు ఏ జవాబు చెబుతారో ఊహించి కూర్చాలి. అలాంటి ప్రశ్న ఒకటి సిద్ధంగా ఉంటే, దాన్ని ఒకరిని కాకుండా అందరినీ అడిగి, పలకల మీదో కాగితం ముక్కల మీదో జవాబు రాయించి ఒక్కసారిగా పైకెత్తమనవచ్చు. నలభైమంది జవాబులు అరనిమిషంలో కంటికి కనిపిస్తాయి. పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ 1998లో వెలువరించిన సమీక్ష సారాంశం కూడా ఇదే దిశలో ఉంది: బోధనను మార్చుకోవడానికి వాడుకునే పరిశీలన పిల్లల అభ్యాసాన్ని మెరుగుపరుస్తుంది, ముఖ్యంగా వెనకబడిన పిల్లలది.

ముందటి పాఠంలో మిగిలిపోయిన చిన్న ఖాళీ తరువాతి పాఠాన్ని ఎందుకంత గట్టిగా అడ్డుకుంటుందో మనస్తత్వ శాస్త్రం చెప్పగలదు. ఒక సమయంలో మనసులో ఉంచుకుని పనిచేయగలిగిన కొత్త అంశాలు చాలా కొద్ది. నెల్సన్ కోవన్ 2001లో చేసిన అంచనా ప్రకారం పెద్దవారిలో సుమారు నాలుగు. ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లవాడు భిన్నాల కూడికలో ఆ కొద్దిపాటి చోటును కొత్త పద్ధతికి కేటాయిస్తాడు. ఎక్కం రానివాడు ఏడెనిమిదులెంతో లెక్కపెట్టుకుంటూ అసలు ఎక్కడున్నాడో మరచిపోతాడు. ఇద్దరి తెలివిలో తేడా ఉండనక్కరలేదు, తేడా ముందే తెలిసినదానిలో ఉంది. అందుకే కొత్త అంశం మొదలుపెట్టినప్పుడు వెంటనే లెక్కలు ఇచ్చి చేయమనడం కన్నా, పూర్తిగా చేసి చూపిన లెక్కలను దశలవారీగా చదివించడం మేలని జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణిత ప్రయోగాలతో చూపారు. అయితే విషయం పట్టుబడిన పిల్లలకు అదే పద్ధతి విసుగు పుట్టిస్తుంది, మేలూ చేయదు. వారిని సొంతంగా చేయనివ్వాలి. పిల్లల మధ్య బోధనకు నిజంగా పనికివచ్చే తేడా ఇదే. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు అని పిల్లలను విడదీసి బోధిస్తే ఫలితం మెరుగవుతుందన్న వాదనకు తగిన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. ఆ వర్గీకరణకు వెచ్చించే శ్రమను ఎవరికి ఏది తెలుసో కనుక్కోవడానికి మళ్లిస్తే ఎంతో బాగుంటుంది.

అర్థమైనది గుర్తుండడం మరో సమస్య. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, తరువాత మూడు విడతలు చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి. వారం తరువాత మాత్రం వారికి సుమారు 40 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుని రాసినవారికి సుమారు 61 శాతం గుర్తుంది. కాబట్టి ప్రతి పీరియడ్ మొదటి ఐదు నిమిషాల్లో నిన్నటి పాఠం నుంచి ఒకటి, కిందటి వారం నుంచి ఒకటి, కిందటి నెల నుంచి ఒకటి చొప్పున ప్రశ్నలడిగి, పుస్తకం చూడకుండా రాయించడం మంచి అలవాటు. వాటికి మార్కులు వేయకూడదు. వేస్తే బలహీనంగా ఉన్న పిల్లలు పక్కవారి కాగితంలోకి చూస్తారు, వారికి ఏమి రాదో మనకు తెలియకుండా పోతుంది.

మార్కుల విషయంలో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధన ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోదగినది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చి చూస్తే, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలకే ఆసక్తీ పనితీరూ రెండూ మెరుగ్గా ఉన్నాయి. మార్కు పక్కనుంటే వ్యాఖ్య వల్ల కలగవలసిన ప్రయోజనం కలగలేదు. ఆ వ్యాఖ్య కూడా "ఇంకా శ్రద్ధ పెట్టు" అన్నట్టుగా ఉంటే ఉపయోగం లేదు. "ఒకట్ల స్థానంలో నువ్వు కింది అంకెలోంచి పై అంకెను తీసివేశావు, ఆ ఒక్క లెక్కను పుల్లల కట్టలతో మళ్లీ చేసి చూపించు" అన్నట్టుగా, తరువాత చేయవలసిన పని చెప్పేదిగా ఉండాలి.

ఇక తెలుసుకున్న తరువాత ఏమి చేయాలి? బెంజమిన్ బ్లూమ్ 1968లోనే ఒక మార్గం ప్రతిపాదించారు. అందరికీ ఒకే సమయం ఇచ్చి వేర్వేరు ఫలితాలకు ఒప్పుకునే బదులు, ఫలితాన్ని స్థిరంగా ఉంచి సమయాన్నీ సాయాన్నీ అవసరాన్నిబట్టి మార్చమన్నారు. ఒక అధ్యాయం తరువాత చిన్న పరీక్ష పెట్టి, అందుకోలేనివారికి అదే విషయాన్ని మరో పద్ధతిలో నేర్పి, మళ్లీ పరీక్షించాలి. ఆ లోపు అందుకున్నవారికి లోతైన సమస్యలు ఇవ్వాలి. ఒక్కొక్కరికీ విడిగా నేర్పినప్పుడు సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోయాడని 1984లో ఆయన రాశారు. అంత పెద్ద ప్రభావం తరువాతి పరిశోధనల్లో సాధారణంగా కనిపించలేదు గాని, విడి శిక్షణ వల్లా పట్టుబడేవరకు నేర్పడం వల్లా మేలు జరుగుతుందన్న సంగతి నిలబడింది. ఈ పద్ధతికి అడ్డుపడేది ఎక్కువగా సిలబస్ గడువే. సాయం అవసరమైన పిల్లల గుంపు ప్రతి అంశానికీ మారాలి. ఏడాదంతా అవే ముఖాలు కనిపిస్తుంటే అది సాయం కాదు, కొత్త ముద్ర. వారానికి ఒక్క పీరియడ్‌ను కొత్త పాఠం లేకుండా కేవలం ఈ దిద్దుబాటుకే వదిలిపెట్టేలా టైమ్‌టేబుల్ వేయడం ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉంది, ఆ పీరియడ్‌ను సిలబస్ పూర్తిచేయడానికి వాడుకోకుండా కాపాడవలసిన బాధ్యత కూడా వారిదే.