సరదాగా సైకిల్ తొక్కేవాళ్లకు స్పీడ్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

ఆదివారం పొద్దున్న ఎనిమిది దాటితే మా షాపు ముందు సైకిళ్లు ఆగడం మొదలవుతుంది. గండిపేట వైపు వెళ్లొచ్చినవాళ్లు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తిరిగొచ్చినవాళ్లు, చేవెళ్ల రోడ్డులో మర్రిచెట్ల దాకా పోయొచ్చినవాళ్లు. చైను చప్పుడు చేస్తోందనో, గేరు సరిగా పడట్లేదనో మొదలుపెడతారు. పది నిమిషాల్లో అందరూ ఒకే మాటకొస్తారు: "అన్నా, స్పీడ్ పెరగాలంటే ఏం చేయాలి?"

వీళ్లెవరూ రేసుల్లో దిగేవాళ్లు కాదు. ఐటీ ఉద్యోగులు, టీచర్లు, రిటైరైనవాళ్లు. నేను పన్నెండేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను, తొక్కేవాళ్ల ఒంటికి సరిపోయేలా అమర్చి ఇస్తున్నాను, కొందరికి శిక్షణ కూడా ఇస్తున్నాను. ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేయకూడదని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. ముందు "ఎందుకు పెరగాలి?" అని అడగాలి. ఆ జవాబును బట్టే మందు మారుతుంది.

అపోహ: స్పీడ్ కావాలనేది గొప్పలు చెప్పుకోవడానికే. సరదాగా తొక్కేవాళ్లకు అదెందుకు?

వాస్తవం: నా దగ్గరికొచ్చేవాళ్లలో గొప్పల కోసం అడిగేవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది చెప్పేది టైమ్ గురించే. పొద్దున్న ఐదున్నరకు బయలుదేరితే ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. ఆ తర్వాత పిల్లల స్కూలు, ఆఫీసు, రోడ్డు మీద ట్రాఫిక్. ఎండాకాలమైతే ఎనిమిదికే మాడు పగిలే ఎండ. చేతిలో ఉన్నవి రెండే గంటలు. గంటకు 20 కిలోమీటర్ల లెక్కన తొక్కితే 40 తిరిగొస్తారు, 25 లెక్కన తొక్కితే 50. ఆ పది కిలోమీటర్ల తేడాలోనే ఊరు వెనకబడి పొలాలు మొదలవుతాయి.

నా చిన్నప్పుడు మా ఊళ్లో గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చేవారు. సీటు అందక కైంచీ (ఫ్రేము మధ్యలోంచి కాలు పెట్టి) తొక్కే పిల్లలం కూడా ఆ గంటలో చెరువుకట్ట దాకా పోయి రావాలని ప్రాణం పెట్టి తొక్కేవాళ్లం. గంట దాటితే ఇంకో గంట అద్దె కట్టాలి, చేతిలో డబ్బులుండవు. ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లకు పొద్దున్న దొరికే రెండు గంటలు కూడా అలాంటి అద్దె గంటలే.

ఇంకో కారణం గ్రూపు. పది మందితో బయలుదేరి, అరగంటకే ఒంటరిగా మిగిలిపోవడం ఎంత బాధగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆడవాళ్లు చాలామంది మరో కారణం కూడా చెప్తారు. తెల్లవారకముందు జనం లేని రోడ్డును త్వరగా దాటేయగలిగితే ధైర్యంగా ఉంటుందని. ఇందులో గొప్పలకు పోయే మాట ఎక్కడుంది?

ఇక నలభై దాటినవాళ్లు కొందరు మొహమాటపడుతూ చెప్పే కారణం ఒకటుంది. జుట్టు, కంటిచూపు, నిద్ర అన్నీ తగ్గుతున్న వయసులో నెలనెలా మెరుగయ్యేది ఇదొక్కటే కనిపిస్తుందట. ఆ మాట విన్నప్పుడల్లా వాళ్ల సైకిల్ మీద ఇంకో పది నిమిషాలు ఎక్కువ పని చేయాలనిపిస్తుంది నాకు.

అపోహ: స్పీడ్ కావాలంటే ఖరీదైన సైకిల్ కొనాల్సిందే.

వాస్తవం: ఆమధ్య బ్యాంకులో పనిచేసే ఒకావిడ వచ్చారు. నలభై ఆరేళ్లుంటాయి. "గ్రూపులో అందరూ నా కోసం ఆగుతున్నారు అన్నా. వాళ్లేమీ అనరు, నాకే ఇబ్బందిగా ఉంది. తేలికగా ఉండే కార్బన్ సైకిల్ తీసుకుందామనుకుంటున్నా" అన్నారు. "కొనే ముందు దీన్ని ఒకసారి చూద్దాం మేడమ్" అని ఆవిడ హైబ్రిడ్ సైకిల్‌ను స్టాండుకు ఎక్కించి వెనక చక్రం తిప్పాను. సర్‌సర్‌మంటూ రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. బాగున్న చక్రం ఒక్కసారి తిప్పి వదిలితే చాలాసేపు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. రిమ్ము కొద్దిగా వంకరపోయి, ప్రతి చుట్టులోనూ బ్రేక్ షూకు రాసుకుంటోంది. అంటే ఆవిడ నెలల తరబడి బ్రేకు వేసుకునే గ్రూపుతో పోటీపడుతున్నారు! చువ్వలు రెండు బిగించి, రెండు వదులు చేస్తే రాపిడి పోయింది. చైను గుడ్డతో తుడిస్తే గుడ్డ కాటుకలా అయింది.

తర్వాత ఆవిడను సీటు మీద కూర్చోబెట్టి, మడమ పెడల్ మీద పెట్టి పెడల్‌ను కిందికంటా తిప్పమన్నాను. అప్పుడు మోకాలు దాదాపు నిటారుగా రావాలి. అలా ఉంటే, మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉంటుంది. ఆవిడ మోకాలు కుర్చీలో కూర్చున్నట్టు వంగిపోయింది. ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటు కిందికి దించుకున్నారట. చాలామంది చేసే పనే ఇది. కాళ్లు ఆనడానికి సీటు దించుకుంటే తొడల్లో బలం కొంత వృథా అవుతుంది, పైగా మోకాళ్ల నొప్పి. సీటు మొత్తం నాలుగు సెంటీమీటర్లు పైకి లేపాల్సి వచ్చింది. ఒక్కసారే కాదు, వారానికో సెంటీమీటరు. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగి ఒక కాలు ఆనించడం షాపు ముందే నేర్చుకున్నారు. నెల తిరిగేసరికి గ్రూపు మధ్యలో తొక్కుతున్నారు. కొత్త సైకిల్ కొనలేదు.

సైకిల్ బరువు గురించి కూడా చెప్పాలి. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు బరువు తెలుస్తుంది, నిజమే. కానీ మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలున్నప్పుడు రెండు కిలోలు తగ్గిస్తే, ఇరవై నిమిషాల ఎక్కుడులో మిగిలేది అరనిమిషం లోపే. సమతలం మీద ఆ తేడా కనిపించదు. అక్కడ మనల్ని ఆపేది గాలి.

గాలి నిరోధం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. దాన్ని తోసుకుపోవడానికి కావాల్సిన శక్తి వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. నిటారుగా కూర్చుని తొక్కే సగటు మనిషికి సమతలం మీద గంటకు 20 కిలోమీటర్లకు సుమారు 75 వాట్లు సరిపోతే, 25కు 125 దాటుతుంది, 30కి 200 దాకా కావాలి. ఇరవై నుంచి ముప్ఫైకి వెళ్లాలంటే కాళ్లు రెండున్నర రెట్లు ఎక్కువ పని చేయాలన్నమాట. స్నేహితుడి 28కీ నా 22కీ కొంచెమే తేడా అనుకుని కుమిలిపోయేవాళ్లకు ఈ లెక్క తప్పకుండా చెప్తాను.

ఒళ్లు ఎలా పెడతామనేది ఎంత తేడా చేస్తుందో బ్రిటన్ సైక్లిస్ట్ క్రిస్ బోర్డ్‌మన్ రికార్డుల్లో కనిపిస్తుంది. 1996లో మాంచెస్టర్ వెలోడ్రోమ్‌లో చేతులు ముందుకు పూర్తిగా చాచి, గాలిని చీల్చే భంగిమలో గంటలో 56.375 కిలోమీటర్లు తొక్కాడు. అదే మనిషి అదే ఊళ్లో 2000లో మామూలు హ్యాండిల్ ఉన్న పాతకాలపు తరహా సైకిల్ మీద గంటలో 49.441 కిలోమీటర్లు తొక్కాడు. 1972లో ఎడ్డీ మెర్క్స్ నెలకొల్పిన 49.431 కంటే అది పది మీటర్లే ఎక్కువ. నాలుగేళ్లలో శక్తి కొంత తగ్గి ఉన్నా, ఏడు కిలోమీటర్ల తేడాలో పెద్ద వాటా గాలిదే. మనం అంత దూరం పోనక్కర్లేదు. మోచేతులు కొంచెం వంచి, భుజాలు దించి, రెపరెపలాడే వదులు చొక్కా మానేస్తే చాలు. రూపాయి ఖర్చు లేదు.

అపోహ: టైరు రాయిలా గట్టిగా ఉంటేనే సైకిల్ దూసుకుపోతుంది.

వాస్తవం: బొటనవేలితో నొక్కి చూసి "ఇంకా కొట్టు అన్నా, మెత్తగా ఉంది" అనేవాళ్లు రోజూ వస్తారు. అద్దంలాంటి ట్రాక్ మీదైతే ఎక్కువ గాలి పనికొస్తుంది. మన రోడ్ల మీద గట్టి టైరు ప్రతి గతుకునూ ఎగిరి దాటుతుంది. ముందుకు పోవాల్సిన శక్తి పైకి పోతుంది, మిగిలింది నడుములోకీ అరచేతుల్లోకీ వస్తుంది. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు వాడిన ప్రొఫెషనల్ రేసర్లే ఇప్పుడు 28, అంతకన్నా వెడల్పువి వాడుతున్నారు. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో సుమారు 70 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), 32కైతే 55-60 దగ్గర మొదలుపెట్టి, వెనక చక్రంలో కాస్త ఎక్కువ ఉంచి, తొక్కుతూ సరిచేసుకోమంటాను. టైరు పక్కన రాసి ఉన్న పెద్ద అంకె దాటకూడని హద్దు, అంత కొట్టాలని అర్థం కాదు. వారానికోసారి గేజీ ఉన్న పంపుతో చూసుకోవాలి. వేలితో చూస్తే తెలియదు.

అపోహ: రోజూ ఊపిరాడనంత గట్టిగా తొక్కితేనే స్పీడ్ పెరుగుతుంది. వయసు మీదపడితే ఇక పెరగదు.

వాస్తవం: రెండూ తప్పని చూపించిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ మార్షాన్, 1911లో పుట్టాడు. 2012లో నూరేళ్ల వయసులో గంటలో 24.251 కిలోమీటర్లు తొక్కాడు. రెండేళ్ల తర్వాత, 102 ఏళ్ల వయసులో, 26.927 కిలోమీటర్లు తొక్కాడు. నూరు దాటాక వేగం పెరిగింది! వెరోనిక్ బిలా అనే శాస్త్రవేత్త ఆయనకు శిక్షణ ఇచ్చి కొలతలు తీశారు. ఒళ్లు ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం ఒంటి బరువు కిలోకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కు పెరిగింది. ఆ శిక్షణలో దాదాపు 80 శాతం తేలికగా తొక్కడమే, గట్టిగా తొక్కింది మిగతా 20 శాతమే.

నా దగ్గరికొచ్చేవాళ్లు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. వారంలో నాలుగు రోజులు తొక్కితే నాలుగూ మధ్యస్థంగా, ఆయాసపడుతూ తొక్కుతారు. తేలికా కాదు, గట్టీ కాదు. నెల తర్వాత ఉత్సాహం పోతుంది, స్పీడ్ అక్కడే ఉంటుంది. మూడు రోజులు పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత తేలికగా తొక్కండి. ఒక్క రోజు, బాగా వార్మప్ అయ్యాక, నాలుగు నిమిషాలు గట్టిగా, నాలుగు నిమిషాలు మెల్లగా, అలా నాలుగుసార్లు. ఆరు వారాలు ఆగండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు గట్టిగా తొక్కే రోజు మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడిగి తీరాలి.

పెద్ద గేరు వేసి బరువుగా తొక్కితే బలం వస్తుందనేది కూడా ఇలాంటిదే. ఎక్కువమందికి పెడల్ నిమిషానికి 80-90 చుట్లు తిరిగే గేరే మోకాళ్లకు మంచిది.

అపోహ: యాప్‌లో సగటు వేగం పెరిగితేనే మనం మెరుగైనట్టు.

వాస్తవం: ఎదురుగాలి వీచిన రోజు, సిగ్నళ్లు ఎక్కువ పడిన రోజు సగటు తగ్గుతుంది. మీరు తగ్గలేదు. ఈ అంకె పడిపోతుందనే టెన్షన్‌తో ఎర్రలైటు దాటేవాళ్లను చూశాను, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో పక్కనుంచి దూరేవాళ్లను చూశాను. దయచేసి వద్దు. ఊరి రోడ్ల మీద ఆ అంకెను దాచేయండి. కొలుచుకోవాలంటే ట్రాక్ మీద, వాహనాలు లేని ఒకే ముక్కను నెలకోసారి తొక్కి చూసుకోండి.

దూరాలు పోయేవాళ్లకు సగటు ఇంకోలా మోసం చేస్తుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకు (రేసు కాదు, గడువులోగా పూర్తి చేయాల్సిన దూరప్రయాణం) 13 గంటల 30 నిమిషాల గడువుంటుంది. 22 వేగంతో తొక్కితే సైకిల్ మీద గడిచేది తొమ్మిది గంటల పైచిలుకే, ఇంకా నాలుగు గంటలకు పైగా మిగలాలి. అయినా గడువు దాటిపోయేవాళ్లుంటారు. అడిగితే టీ కొట్టు దగ్గర అరగంట, టిఫిన్‌కు ముప్పావుగంట, చెట్టు కింద ఇంకో అరగంట, అలా రోజంతా. వాళ్లు స్పీడ్ పెంచుకోనక్కర్లేదు, ఆగడం తగ్గించుకుంటే చాలు.

అపోహ: ముందువాళ్ల వెనక దాక్కుని తొక్కడం మోసం.

వాస్తవం: గ్రూపు ఉన్నదే అందుకు. ముందువాడి చక్రం వెనక దగ్గరగా తొక్కితే మీ కష్టం దాదాపు మూడోవంతు తగ్గుతుంది. వెనకబడిపోతున్నానని బాధపడేవాళ్లలో చాలామంది మర్యాద కొద్దీ పది మీటర్ల దూరంలో, ఒంటరిగా గాలిని మోస్తూ తొక్కుతుంటారు. మొదట రెండు సైకిళ్ల దూరంతో మొదలుపెట్టండి, నమ్మకం కుదిరాక ఒక సైకిల్ దూరం. మీ ముందు చక్రం ముందువాళ్ల వెనక చక్రం పక్కకు ఎప్పుడూ రాకూడదు, తగిలితే పడేది వెనకున్నవాళ్లే. చూపు చక్రం మీద కాదు, ముందువాళ్ల భుజాల మీదుగా రోడ్డు మీద ఉండాలి. ఉన్నట్టుండి బ్రేకు వేయొద్దు. ముందున్నవాళ్లు గుంత కనిపిస్తే చెయ్యి చూపించి "గుంత!" అని అరవాలి, వెనకవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ మాటను చివరి దాకా అందించాలి.

ఆ బ్యాంకు మేడమ్ గ్రూపులో ఇప్పుడు అలాగే చేస్తున్నారు. కొత్తగా ఎవరైనా వస్తే, మొదటి అరగంట వాళ్ల ముందు ఆవిడే తొక్కుతారు.