హార్లెంలోని షాంబర్గ్ కేంద్రం: అపోహలు - వాస్తవాలు

న్యూయార్క్ నగరంలోని హార్లెం, 135వ వీధి. అక్కడి గ్రంథాలయంలో 1925లో నల్లజాతి సాహిత్యం, చరిత్ర, చిత్రాల కోసం ఒక విభాగం తెరిచారు. అదే నేటి షాంబర్గ్ కేంద్రం, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భాగం. నూరేళ్లు నిండిన ఈ సంస్థను పొగిడేవాళ్లు చాలామందే ఉన్నారు. రచయితల కాగితాలు భద్రపరిచే పనిలో ఉన్న మాకు మాత్రం, అక్కడ జరిగే పనేమిటో సరిగ్గా తెలుసుకోవడమే దానికి దక్కాల్సిన మొదటి గౌరవం అనిపిస్తుంది. తరచూ వినిపించే కొన్ని అపోహలు చూద్దాం.

అపోహ: నల్లజాతి సాహిత్యమంటే బానిసత్వపు కథలు.

తెలుగులో చాలామందికి ఈ సాహిత్యంతో తొలి పరిచయం సహవాసి అనువదించిన ‘ఏడు తరాలు’ (అలెక్స్ హేలీ ‘రూట్స్’). అందుకే ఇలా అనుకోవడంలో వింత లేదు. అయితే అమెరికా గ్రంథాలయాలు ఈ అపోహను ఏకంగా అరల్లోకే ఎక్కించాయి. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చి అరల్లో సర్దే డ్యూయీ వర్గీకరణలో 326 అంటే బానిసత్వం, 325 అంటే వలసలు. నల్లజాతి రచయిత రాసింది కవితా సంపుటి అయినా సరే, చాలాచోట్ల ఈ రెండు సంఖ్యల్లో ఏదో ఒక దాని కింద పడేసేవారు. అమెరికన్ కవిత్వం ఉండే 811 దగ్గర వెతికిన పాఠకుడికి ఆ కవి కనబడడు. పుస్తకం భవనంలోనే ఉంటుంది, పాఠకుడి లెక్కలో మాత్రం లేనట్టే. 1930లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి పుస్తకాల సేకరణ బాధ్యత చేపట్టిన లైబ్రేరియన్ డొరొతీ పోర్టర్ ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. కవిత్వాన్ని కవిత్వంలో, నాటకాన్ని నాటకంలో, రచయిత పేరు వారీగా సర్దారు. ఒక సాహిత్య కేంద్రం చేసే అతి పెద్ద మేలు ఇదేనని మా నమ్మకం: వెతికినవాడికి పుస్తకం దొరికేలా చేయడం.

అపోహ: ఇంత పెద్ద సేకరణ అంటే ఏ ధనవంతుడో, ప్రొఫెసరో పోగుచేసి ఉంటాడు.

ఈ కేంద్రం ఎవరి పేరు మీద ఉందో ఆ ఆర్టురో షాంబర్గ్ 1874లో ప్యూర్టో రికోలో పుట్టాడు. న్యూయార్క్‌లో ఒక బ్యాంకులో ఉత్తరాల విభాగంలో ఉద్యోగి. ఆ ఉద్యోగం చేసుకుంటూనే పుస్తకాలు, రాతప్రతులు, చిత్రాలు వేల సంఖ్యలో సేకరించాడు. 1926లో కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ సంస్థ ఇచ్చిన 10,000 డాలర్లతో లైబ్రరీ వాటిని కొన్నది. 1932 నుంచి 1938లో చనిపోయేదాకా ఆయనే వాటికి క్యూరేటర్.

అపోహ: అన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టేసి ఉంటారు.

ఈ కేంద్రంలో ఉన్నవి కోటికి పైగా వస్తువులు. నెట్‌లో కనిపించేది అందులో కొంతే. మిగతావి చూడాలంటే వెళ్లాల్సిందే, అదీ చెప్పాపెట్టకుండా వెళ్తే కుదరదు. ముందు ఆ రచయిత కాగితాల ఫైండింగ్ ఎయిడ్ తెరవాలి. ఏ పెట్టెలో, ఏ ఫోల్డర్‌లో ఏముందో చెప్పే జాబితా అది. కావలసిన పెట్టెల నంబర్లు రాసుకుని అపాయింట్‌మెంట్ అడగాలి. ఉదాహరణకు నవలాకారుడు జేమ్స్ బాల్డ్విన్ కాగితాల కోసం "బాల్డ్విన్ ఉత్తరాలు చూడాలి" అని మాత్రమే రాస్తే సిబ్బందికి ఏం తీసి ఇవ్వాలో తెలియదు, మీ రోజు కాస్తా అక్కడే పోతుంది. మా రంగంలో కాగితాలను అరలో అవి పట్టే పొడవును బట్టి అడుగుల్లో కొలుస్తాం. మామూలు బూడిదరంగు పెట్టె మందం 5 అంగుళాలు. ముప్పై అడుగుల సేకరణ అంటే అలాంటి పెట్టెలు డెబ్బై దాకా ఉంటాయి. జేమ్స్ బాల్డ్విన్ కాగితాలు 2017లో వచ్చినప్పుడు, కొన్ని ఉత్తరాలను 20 ఏళ్లపాటు తెరవకూడదన్న షరతుతో వచ్చాయి. కాబట్టి జాబితాలో ఉన్నంత మాత్రాన చూపిస్తారనీ అనుకోవద్దు. బల్ల దగ్గర పెన్సిలే, పెన్ను పనికిరాదు. ఒకసారికి ఒకటే ఫోల్డర్ తెరవాలి, లోపలి వరస మార్చకూడదు.

అపోహ: రచయిత కాగితాలను శుభ్రంగా సర్ది, తేదీల వారీగా పేర్చి అప్పగిస్తే మంచిది.

ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ చేసే పనే, కానీ నష్టం ఇక్కడే. ఏ ఉత్తరం ఏ చిత్తుప్రతి పక్కన ఉందో అదే ఒక ఆధారం. తేదీల ప్రకారం కలిపేస్తే అది చెరిగిపోతుంది. ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. తుప్పుపట్టే పిన్నులు, కాగితానికి అతుక్కుపోయే రబ్బరు బ్యాండ్లు మాత్రం నెమ్మదిగా తీసేయండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించవద్దు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా లోపలికి దిగుతుంది. వార్తాపత్రిక కత్తిరింపుల్లోని ఆమ్లం పక్క కాగితాన్ని కాల్చినట్టు పసుపు చేస్తుంది, వాటిని విడిగా పెట్టండి. ఫొటో వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర రాయండి. బాల్‌పెన్ ఒత్తిడి బొమ్మవైపు తేలుతుంది. గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండాలి. కోస్తా ఊళ్లలో ఇది కష్టమే. కనీసం నేలకు, బయటి గోడకు ఆనించకుండా బీరువాలో పైఅరలో పెడితే చెమ్మ, చెదలు కాస్త దూరమవుతాయి.

అపోహ: ప్రతిభ ఉంటే చాలు, ఇలాంటి సంస్థలు లేకపోయినా రచయిత పైకొస్తాడు.

షాంబర్గ్ పాత రాతలను కాపాడితే, కొత్తవాళ్లను తయారుచేసే సంస్థలు వేరే ఉన్నాయి. టోయి డెరికాట్, కార్నీలియస్ ఈడీ అనే ఇద్దరు కవులు 1996లో కావే కానెమ్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఎంపికైన నల్లజాతి కవి ఐదేళ్లలో మూడుసార్లు అక్కడి శిబిరానికి రావచ్చు. పుస్తకం లేని కవికి తొలి సంపుటి అచ్చయ్యే బహుమతి 1999 నుంచి ఇస్తున్నారు. మొదటి విజేత నటాషా ట్రెథవే. 2007లో ఆమెకు పులిట్జర్ వచ్చింది, 2012లో అమెరికా ఆస్థానకవి అయ్యారు. ప్రతిభ ఆమెదే. అయితే ఆ తొలి పుస్తకానికి దారి వేసింది ఒక బహుమతి.

అపోహ: గౌరవించడమంటే ఫలకం, శాలువా, సభ.

షాంబర్గ్ భవనంలో కవి లాంగ్‌స్టన్ హ్యూస్ చితాభస్మం నేల కింద ఉంది. నదుల మీద ఆయన రాసిన కవిత స్ఫూర్తితో ఆ నేలలోనే ఒక నమూనా పొదిగారు. అంతకు మించిన స్మారకం ఉండదు. కానీ సంస్థకు రోజూ పనికొచ్చేది వేరు. మీ వ్యాసంలో సేకరణ పేరు, పెట్టె నంబరు, ఫోల్డర్ నంబరు రాయండి. వాడకం నమోదైతేనే నిధులు అడగడానికి వాళ్లకు ఆధారం ఉంటుంది. జాబితాలో పేరు తప్పుంటే రాసి చెప్పండి.

అపోహ: పాత పుస్తకమే కదా, తెలుగులోకి తేవడానికి అనుమతి ఎందుకు?

కాగితం లైబ్రరీ దగ్గర ఉన్నా, దానిమీది హక్కు సాధారణంగా వారసులదే. భారత చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అమెరికా నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1960లో మరణించారు కాబట్టి, ఆమె బతికుండగా అచ్చయిన పుస్తకాలకు ఇక్కడ 2020తో గడువు ముగిసింది. అమెరికాలో లెక్క వేరు: ఆ కాలపు పుస్తకాలకు, హక్కు పునరుద్ధరించి ఉంటే, అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు. 1937లో వచ్చిన ఆమె నవల అనువాదాన్ని హైదరాబాద్‌లో అచ్చు వేయవచ్చు గానీ, అదే ఈ-బుక్‌ను డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు అమ్మాలంటే 2032 పూర్తయ్యేదాకా ఆగాలి, లేదా హక్కుదారుల నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి.