కాఫీ వేరు దగ్గర కాపలా

1869లో సిలోన్ (నేటి శ్రీలంక) కాఫీ తోటల్లో బయటపడి వాటిని దివాలా తీయించిన ఆకు తుప్పు తెగులు, నేటికీ అరకు, చింతపల్లి మన్యంలో అరబికా రైతును వదల్లేదు. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనబడేసరికే శిలీంధ్రం పత్రరంధ్రాల గుండా లోపలికి దిగి వారాలు గడిచిపోతాయి.

మొక్కకు ఆత్మరక్షణ చేతకాక కాదు. శిలీంధ్రాన్ని అడ్డుకునే ఎంజైములు, ఫినాల్ పదార్థాలు అది చేసుకోగలదు. కాకపోతే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగిన చందం! వేరు చుట్టూ బతికే సూడోమోనాస్, బాసిల్లస్ అనే బాక్టీరియా రకాలు కొన్ని ఈ జాప్యాన్ని తగ్గిస్తాయి. 1991లో కార్నేషన్ మీద, దోస మీద వేర్వేరుగా జరిగిన ప్రయోగాల్లో బాక్టీరియాను వేరుకి, తెగులును పై భాగానికి ఇచ్చారు. రెండూ ఎక్కడా తారసపడకపోయినా తెగులు తగ్గింది. వేరు అందుకున్న కబురు ఎక్కువగా జాస్మోనిక్ ఆమ్లం, ఇథిలీన్ అనే మొక్క హార్మోన్ల దారిలో ఆకులకు చేరుతుంది. అప్పటికప్పుడు మొక్క పెద్దగా ఖర్చు పెట్టదు; శిలీంధ్రం వచ్చినప్పుడు మాత్రం త్వరగా, గట్టిగా స్పందిస్తుంది.

ఇక్కడో చిక్కుంది. తుప్పు శిలీంధ్రం ప్రాణమున్న కణాల మీదే బతుకుతుంది. అలాంటివాటిని నిలువరించడంలో సాధారణంగా సాలిసిలిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ దారిదే పైచేయి, బాక్టీరియా కబురు ఎక్కువగా వెళ్లే దారిది కాదు. అందుకే ప్యాకెట్ మీద బాక్టీరియా పేరుంటే సరిపోదు, ఏ స్ట్రెయిన్ (ఆ జాతిలో ఏ ఉపరకం) అన్నది చూడాలి. ఎంత మంచిదైనా తెగులు తీవ్రతను తగ్గిస్తుందే తప్ప తుడిచిపెట్టదు.

మొదలుపెట్టాల్సింది నారుమడిలోనే. సంచుల్లోకి మార్చే ముందు, బాక్టీరియాను టాల్కం పొడిలో కలిపి అమ్మే మందును లీటరు నీటికి 10 గ్రాములు కలిపి మొలకల వేళ్లను అరగంట ముంచాలి. క్లోరిన్ కలిసిన కుళాయి నీరు వద్దు. తోటకైతే హెక్టారుకు 2.5 కిలోల మందును 50 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడన తడి ఆరకుండా రెండు వారాలు మాగనిచ్చి, తొలకరి తర్వాత పాదుల్లో వేయాలి. పచ్చి పేడ వేడెక్కి బాక్టీరియాను చంపేస్తుంది. ఎండలో ఉన్న దుకాణంలో నెలల తరబడి పడి ఉన్న ప్యాకెట్‌లో తరచుగా మిగిలేది టాల్కమే. బాసిల్లస్ సిద్ధబీజాలుగా మారి కొంత ఓర్చుకుంటుంది, సూడోమోనాస్‌కు ఆ సౌకర్యం లేదు.

మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం మానక్కర్లేదు. రాగి బాక్టీరియాకూ విషమే కనుక రెండూ కలిపి మాత్రం వాడకూడదు. 0.5 శాతం మిశ్రమాన్ని ఆకుల అడుగున పడేలా కొట్టి, రెండు వారాలు ఆగి పాదుల్లో బాక్టీరియా వేయాలి. ఒకే వయసు మొక్కల్లో రెండు వరుసలకు బాక్టీరియా వేయకుండా వదిలేసి, వానలు తగ్గాక రెండు చోట్లా తుప్పు పట్టిన ఆకులను లెక్కపెడితే, కొన్న మందు పనిచేసిందో లేదో తేలిపోతుంది.