రిటర్నుకు రుసుము ఎందుకు: ఒకే ఇంట్లో రెండు దేశాల అనుభవం

జూలై వచ్చిందంటే హనుమకొండ, కాజీపేటల్లో ఆడిటర్ల గదుల ముందు విశ్రాంత ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, భూపాలపల్లి నుంచి వచ్చిన సింగరేణి కార్మికులు జీతం లేదా పింఛను నుంచి కోసిన పన్నును చూపే ఫారం 16 కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో రిటర్ను దాఖలు చేయడానికి పైసా ఖర్చు లేదని వారిలో చాలామందికి తెలుసు. అయినా పొరపాటు జరుగుతుందేమోనన్న భయంతో కొన్ని వందలు చెల్లిస్తారు. అవే ఇళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఏప్రిల్ 15లోగా అక్కడి రిటర్ను వేయడానికి తరచుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలకు డాలర్లు కడుతున్నారు. తండ్రి భయం వల్ల కడుతున్నాడు, బిడ్డ మరో దారి లేక కడుతోంది. ఈ తేడా వెనుక రెండు దశాబ్దాల చరిత్ర ఉంది.

2007 నాటికి 80 శాతం రిటర్నులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందాలని అమెరికా కాంగ్రెస్ 1998లో చట్టం ద్వారా లక్ష్యం పెట్టింది. అందుకోసం అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ స్వయంగా ఉచిత సేవ ప్రారంభిస్తే తమ వ్యాపారం దెబ్బతింటుందని సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆందోళన చెందాయి. 2002లో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీల కూటమి పరిమిత ఆదాయం గలవారికి ఉచిత సేవ ఇస్తుంది, ప్రతిగా ఐఆర్‌ఎస్ సొంత ఉచిత సేవతో పోటీకి దిగదు. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే జరిగింది. యజమానులు పంపే జీతాల వివరాలు చేతిలో ఉన్న ప్రభుత్వమే, ఆ వివరాలతో పౌరుడికి తోడ్పడే పనిని ఒప్పందం రాసి మరీ వదులుకుంది.

2003లో మొదలైన ఆ ‘ఫ్రీ ఫైల్’ సేవకు తర్వాతి కాలంలో దాదాపు 70 శాతం మంది అర్హులైనా, వాడుకున్నవారు వందలో ముగ్గురికి మించలేదు. టర్బోట్యాక్స్ అనే పన్ను సాఫ్ట్‌వేర్ అమ్మే ఇంట్యూట్ తన ఉచిత పేజీ గూగుల్ వెతుకులాటలో కనిపించకుండా చేసిందని 2019లో ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తా సంస్థ బయటపెట్టింది. ఆ ఏడాది చివర్లో ఐఆర్‌ఎస్ ఒప్పందాన్ని సవరించి, పోటీకి దిగననే హామీని తొలగించింది. హెచ్‌ అండ్ ఆర్ బ్లాక్ అనే మరో పన్ను సేవల కంపెనీ 2020లో, ఇంట్యూట్ 2021లో ఫ్రీ ఫైల్ నుంచి తప్పుకున్నాయి. ‘ఉచితం’ అనే ప్రకటనలు చూసి మోసపోయినవారికి ఇంట్యూట్ 14.1 కోట్ల డాలర్లు చెల్లించేలా 2022లో అమెరికా రాష్ట్రాలతో రాజీ కుదిరింది.

ఆ తర్వాతే ఐఆర్‌ఎస్ సొంత సేవ ‘డైరెక్ట్ ఫైల్’ వచ్చింది. 2024లో 12 రాష్ట్రాల్లో 1,40,803 మంది, 2025లో 25 రాష్ట్రాల్లో 2,96,531 మంది దాని ద్వారా రిటర్నులు వేశారు. 2026 సీజన్‌కు అది అందుబాటులో ఉండదని ఐఆర్‌ఎస్ 2025 నవంబరులో రాష్ట్రాలకు తెలిపింది. మన విద్యార్థులకు ఆ సేవ కొనసాగినా పెద్దగా ఉపయోగపడేది కాదనే మాట కూడా చెప్పాలి. ఎఫ్‌-1 వీసాపై వెళ్లినవారిని సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు నాన్ రెసిడెంట్లుగా లెక్కిస్తారు, వారు వేయవలసిన 1040-ఎన్‌ఆర్ ఫారం డైరెక్ట్ ఫైల్‌లో లేదు. స్నేహితులు వాడారని సాధారణ సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్లు వేసే మామూలు 1040 ఫారం వేసి, తర్వాత సవరణ రిటర్ను వేయవలసి వచ్చిన పిల్లల సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

భారతదేశంలో ఇలా జరగలేదు. 2004లో ఎలక్ట్రానిక్ రిటర్నుల పథకం వచ్చింది, 2006లో కంపెనీలకు తప్పనిసరి అయింది. జతపరచవలసిన పత్రాలు అవసరం లేని కొత్త ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను) ఫారాలు 2007లో వచ్చాయి. 2009లో బెంగళూరులో కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం మొదలైంది. ప్రైవేటు మధ్యవర్తులకు శాఖ అనుమతి ఇచ్చింది, కానీ తాను తప్పుకుంటానని ఎవరికీ మాట ఇవ్వలేదు. 5 లక్షలు దాటిన ఆదాయానికి 2013-14 అసెస్‌మెంట్ ఏడాది నుంచి ఈ-ఫైలింగ్ తప్పనిసరి అయినప్పుడు కూడా శాఖ రిటర్ను నింపే తన సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇచ్చింది. రిటర్ను వేసినట్టు ధ్రువీకరించే ఐటీఆర్-వి కాగితంపై సంతకం చేసి పోస్టులో బెంగళూరు పంపే ప్రయాస 2015లో ఆధార్ ఓటీపీ వంటి పద్ధతులు రావడంతో తగ్గింది.

ఉచితమైనంత మాత్రాన సాఫీగా సాగిందని కాదు. 2021 జూన్ 7న ప్రారంభమైన కొత్త పోర్టల్ నెలల తరబడి మొరాయించింది, గడువును డిసెంబరు 31 వరకు పొడిగించవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన వార్షిక సమాచార నివేదిక మాత్రం జీతం, బ్యాంకు వడ్డీ, డివిడెండ్లను ఒక్కచోట చూపించి పెద్ద మేలు చేసింది. పింఛను, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ తప్ప వేరే ఆదాయం లేని విశ్రాంత ఉపాధ్యాయుడి రిటర్నులో చాలా భాగం ఇప్పుడు ముందే నిండి ఉంటుంది.

మిగిలిందల్లా కొత్త పన్ను విధానమా, పాతదా అన్న ఎంపిక, పాతదైతే మినహాయింపుల లెక్క. రుసుము తీసుకునే మధ్యవర్తులలో కొందరు అడ్డదారి పట్టింది కూడా ఈ మినహాయింపుల దగ్గరే. లేని విరాళాలు, లేని బీమా ప్రీమియంలు చూపి రీఫండ్ ఇప్పిస్తామనే వారిపై ఆదాయపు పన్ను శాఖ 2025 జూలై 14న దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేపట్టింది. అలాంటి రిటర్నుపై నోటీసు వస్తే అది పాన్ కార్డు ఎవరిదో వారి పేరునే వస్తుంది, పన్ను, వడ్డీ, జరిమానా కట్టవలసిందీ వారే.