ఇంటి భాష గడిలో ‘తెలుగు’ అని రాస్తే ఏమవుతుంది?

డాలస్ ఉత్తర శివారులో మా బడి. ప్రతి ఆగస్టులోనూ కొత్త తెలుగు కుటుంబాలు వచ్చి చేరుతుంటాయి. టీకాల పత్రం, ఇంటి అద్దె ఒప్పందం అన్నీ చకచకా ఇచ్చేసే తల్లిదండ్రులు ఒక్క చోట మాత్రం ఆగిపోతారు. ‘మీ ఇంట్లో ఏ భాషలు వాడతారు?’ అన్న గడి దగ్గర. భర్త భార్య వైపు చూస్తాడు, ఆమె ఫోను వైపు చూస్తుంది. ఆ ఫోనులోని వాట్సాప్ గుంపులో ఎవరో అనుభవజ్ఞులు అప్పటికే హెచ్చరించి ఉంటారు: తెలుగు అని మాత్రం రాయకండి!

నేను ఇక్కడి ప్రభుత్వ బడిలో ఈఎస్ఎల్ టీచరును. అంటే ఇంట్లో మరో భాష ఉన్న పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం నా పని. (ప్రభుత్వ బడి అనగానే మన ఊళ్లో వచ్చే అర్థం తీసుకోవద్దు. ఇక్కడ డాక్టరు బిడ్డ, కూలీ బిడ్డ ఒకే పసుపు బస్సు ఎక్కుతారు.) టెక్సాస్‌లో ఇలాంటి విద్యార్థులు పది లక్షలకు పైనే. వాళ్లలో ఎక్కువమందిది స్పానిష్. మన పిల్లలు అందులో చిన్న పాయ, కానీ ఈ పాయలో తిరిగే పుకార్లు మాత్రం గోదావరంత.

అపోహ: “తెలుగు అని రాస్తే పిల్లను వెనక వరుసలోకి నెడతారు”

ఆ గడి బిడ్డ తెలివి గురించి అడగడం లేదు, ఇంటి గురించి అడుగుతోంది. అక్కడ ఇంగ్లీషు కాక మరో భాష పేరు కనిపిస్తే బడి మీద ఒక బాధ్యత పడుతుంది. బిడ్డకు ఇంగ్లీషు పరీక్ష పెట్టి, చేరిన నాలుగు వారాల్లోగా నిర్ణయం తీసుకోవాలి. కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లలకు వినడం, మాట్లాడడం మాత్రమే చూస్తారు. రెండో తరగతి నుంచి చదవడం, రాయడం కూడా చేరతాయి. బిడ్డ నెగ్గితే కథ అక్కడితో సరి. నెగ్గకపోతే ఇంగ్లీషు సాయం కావలసిన పిల్లల జాబితాలో చేరుస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఆ పరీక్షలో నెగ్గిన పిల్లలు మా బడిలో ఎందరో ఉన్నారు.

భయపడి ‘ఇంగ్లీషు’ అని రాస్తే ఏమవుతుందో కూడా చూశాను. రెండో తరగతిలో ఒక అబ్బాయి చేరాడు. పిలిస్తే పలకడు, చెప్పింది చేయడు. వినికిడి లోపమేమోనని క్లాసు టీచరు నర్సు దగ్గరకు పంపింది. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. అక్టోబరులో వాళ్లమ్మ వచ్చినప్పుడు తెలిసింది, ఆ ఇంట్లో ఇంగ్లీషు అన్న మాటే లేదని. దరఖాస్తులో మాత్రం ఇంగ్లీషు ఒక్కటే ఉంది. టెక్సాస్‌లో ఆ జవాబును దిద్దుకోవాలంటే చేరిన రెండు వారాల్లోపు, అదీ పరీక్ష జరగకముందే అడగాలి. ఈ రాష్ట్రంలో బడిలో మొదటిసారి చేరినప్పుడు ఒక్కసారే నింపే పత్రమది. ఊరు మారినా, బడి మారినా బిడ్డ ఫైలుతోపాటే వస్తుంది. జాబితాలో లేని ఆ పిల్లవాడికి నేను చేయగలిగింది, ఖాళీ దొరికినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకోవడమే.

అసలు ఈ సాయం దయాదాక్షిణ్యాలతో వచ్చింది కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో దాదాపు 1,800 మంది చైనీస్ పిల్లలు ఇంగ్లీషు అర్థం కాక, ఏ అదనపు సాయమూ లేక తరగతుల్లో కూర్చుంటే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అందరికీ అవే పుస్తకాలు, అదే టీచరు ఇచ్చాం కదా అన్న వాదన అమెరికా సుప్రీంకోర్టులో చెల్లలేదు. అర్థం కాని భాషలో అందరికీ ఒకటే ఇవ్వడం సమానత్వం కాదని 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో తేల్చింది. ఆ పోరాటంతో వచ్చిన హక్కును మనం సిగ్గుపడి దాచుకుంటున్నాం.

అపోహ: “ఈఎస్ఎల్ అంటే చదువు రాని పిల్లల తరగతి”

కాదు. నేర్చుకోవడంలో లోపాలున్న పిల్లల కోసం ఉన్న ప్రత్యేక విద్య పూర్తిగా వేరు. దానికి వేరే పరీక్షలుంటాయి, మీ రాతపూర్వక అనుమతి ఉండాలి, ఇంగ్లీషు రాదన్న ఒక్క కారణంతో ఎవరినీ అందులో వేయకూడదని చట్టమే చెబుతోంది. ఈఎస్ఎల్‌లో ఉన్న బిడ్డ ప్రతిభావంతుల కార్యక్రమానికీ అర్హత సాధించవచ్చు. మా బడిలో ఉదయం నా దగ్గర క్రియాపదాలు నేర్చుకుని, మధ్యాహ్నం పై తరగతి లెక్కలకు వెళ్లే పిల్లలున్నారు.

అపోహ: “వద్దని సంతకం పెడితే ఆ గొడవే ఉండదు”

సాయం వద్దనే హక్కు మీకుంది. కానీ సాయం ఆగుతుంది, పరీక్ష ఆగదు. జాబితాలోని పిల్లలకు ఇంగ్లీషు ఎంత వచ్చిందో కొలిచేందుకు టెక్సాస్‌లో ప్రతి వసంతంలో జరిగే టెల్పాస్ పరీక్ష మీ బిడ్డకూ తప్పదు. రెండో తరగతి నుంచైతే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటరుకు జవాబులు చెప్పవలసిందే. ఆ జాబితా నుంచి బయటపడేది సంతకంతో కాదు, పరీక్షల్లో గట్టెక్కినప్పుడే. ఈత నేర్పేవాణ్ణి పంపించేసి పిల్లను నీళ్లలోనే ఉంచినట్టు ఉంటుంది నాకు. ఇది నా అభిప్రాయం, చట్టం మాత్రం ఎంపిక మీకే వదిలింది.

అపోహ: “గలగలా మాట్లాడేస్తోంది, ఇక ఇంగ్లీషు వచ్చేసినట్టే”

ఆట స్థలంలో పనికొచ్చే ఇంగ్లీషు ఒకటి, పాఠంలో పనికొచ్చే ఇంగ్లీషు మరొకటి. జిమ్ కమిన్స్ అనే కెనడా పండితుడు 1979లోనే ఈ తేడా చెప్పాడు. మొదటిది ఏడాది, రెండేళ్లలో పట్టుబడుతుంది. రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. ఆరు నెలలకే బిడ్డ అమెరికా యాసలో పిజ్జా అడిగితే మనం మురిసిపోతాం. నాలుగో తరగతి సైన్సు పుస్తకం అలా మురిసిపోదు.

‘టేబుల్’ అన్న మాట తీసుకోండి. ‘టేబుల్ చూసి జవాబు రాయి’ అంటే ఒక పిల్లవాడు వంగి బల్ల కింద వెతికాడు. మనకు కూర్చుని రాసుకునేది బల్ల, లెక్కల్లో వల్లె వేసేది ఎక్కం, గడులు గీసి అంకెలు నింపేది పట్టిక. మూడింటికీ ఇంగ్లీషులో టేబుల్ అనే అంటారు. ‘ఆడ్’ అంటే వింత, లెక్కల్లోకి రాగానే బేసి. ‘మీన్’ అంటే దుర్మార్గం, అర్థం, సగటు కూడా. ఇంట్లో పైకి కనిపించని ఈ తికమకలు నా దగ్గర రోజూ బయటపడతాయి.

దీని తలకిందుల రూపం కూడా ఉంది. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదివిన అమ్మాయి పేరా పేరా తప్పు లేకుండా రాసేస్తుంది. టీచరు ‘వాటర్’ను ‘వారర్’ అన్నట్టు పలికితే మాత్రం తెల్లబోయి చూస్తుంది. ఆమెకు వ్యాకరణం అక్కర్లేదు, చెవి అలవాటు పడాలి. ఇద్దరికీ ఒకే మందు వేస్తే పని చేయదు కాబట్టే వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం విడివిడిగా కొలుస్తాం.

అపోహ: “ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడితే త్వరగా వస్తుంది”

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సలహా ఇది. చెప్పేవాళ్లలో కొందరు టీచర్లే ఉండడం ఇంకా బాధ.

‘వానలు పడకపోతే చెరువు ఎండిపోతుంది, అందుకే చేపలు చచ్చిపోయాయి’ అని తెలుగులో చెప్పగలిగిన బిడ్డకు కారణం, ఫలితం అన్న ఆలోచన అప్పటికే ఉంది. నేను దానికి ఇంగ్లీషు మాటలు తొడిగితే చాలు. ఆ ఆలోచనే లేని బిడ్డకు రెండూ నేర్పాలి. అమ్మానాన్నలు తమకు చాలీచాలని భాషలో మాట్లాడితే ఇంట్లో మాటలు ‘తిను’, ‘పడుకో’, ‘హోంవర్క్ చెయ్యి’ దగ్గర ఆగిపోతాయి. ఎందుకు, ఎలా, అలా కాకపోతే ఏమయ్యేది అన్న ప్రశ్నలు పుట్టేది మనకు బాగా వచ్చిన భాషలోనే.

తెలుగు వల్ల ఇంగ్లీషులో కొన్ని తప్పులు దొర్లుతాయి, నిజమే. మన భాషలో ‘ఎ’, ‘ది’ లాంటి మాటలు లేవు కాబట్టి పిల్లలు వాటిని మింగేస్తారు. బస్సు, పెన్ను అని అచ్చుతో ముగించే అలవాటు వల్ల ఇంగ్లీషు మాట చివర కూడా ఒక ‘ఉ’ తగిలిస్తారు. క్రియ వాక్యం చివరికి పోతుంది. ఇవేవీ జబ్బులు కావు. ఎక్కడ తడబడతారో ముందే తెలుసు గనుక నాకు పని తేలిక. తెలుగు మాన్పించనక్కర్లేదు, నాకు చెబితే చాలు.

ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు. పడుకునే ముందు పదిహేను నిమిషాలు తెలుగులో కథ చెప్పండి. మధ్యలో ఆపి, తర్వాత ఏమవుతుందో అడగండి. బడి పుస్తకంలోని బొమ్మ చూపించి తెలుగులోనే మాట్లాడించండి. మర్నాడు అదే పాఠం ఇంగ్లీషులో నా దగ్గరికి సగం భారం దించుకుని వస్తుంది.

అపోహ (ఇది మా టీచర్లది): “భారతీయులందరికీ ఇంగ్లీషు వచ్చు, రాకపోతే పిల్లలే చెబుతారు”

నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినంత మాత్రాన ఇంట్లో అందరికీ ఫోనులో అమెరికా ఇంగ్లీషు అర్థం కావాలని లేదు. మధ్యాహ్నం బస్సు దగ్గరకు వచ్చేది చాలా ఇళ్లలో అమ్మమ్మో, తాతయ్యో. టీచరు చెప్పిందానికి అమ్మ తల అటూ ఇటూ ఊపితే అది ‘సరే’ అని నాకు తెలుసు, నా తోటి టీచరుకు ‘కాదు’ అన్నట్టు కనిపిస్తుంది.

ఇంగ్లీషు సరిగా రాని తల్లిదండ్రులకు ముఖ్యమైన సమాచారమంతా అర్థమయ్యే భాషలో అందించడం బడి బాధ్యత. 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన నియమమిది. దుబాసీ కావాలని అడగండి, ముందుగా చెబితే ఫోను మీదనైనా తెలుగు దుబాసీని ఏర్పాటు చేస్తారు. దానికి మీరు డబ్బు కట్టనక్కర్లేదు. పిల్లలను మాత్రం దుబాసీలుగా పెట్టకండి. ఓసారి ఒక టీచరు మూడు నిమిషాలపాటు హోంవర్కు బకాయిల చిట్టా చదివింది. ఐదో తరగతి పిల్ల వాళ్లమ్మకు ఒక్క ముక్కలో చెప్పింది: “అంతా బాగుందట.” పక్క బల్ల దగ్గరున్న నేను నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను.

అపోహ: “బడి సంగతి బడికే తెలుసు, మనం అడగకూడదు”

గురువును ప్రశ్నించడం మర్యాద కాదన్న పెంపకం మనది. ఇక్కడ మాత్రం ఏమీ అడగని తల్లిదండ్రులను ‘ఆసక్తి లేనివాళ్లు’ అనుకునే ప్రమాదముంది. టీచరుతో ముఖాముఖికి దొరికేది మహా అయితే ఇరవై నిమిషాలు. ‘మా వాడు ఎలా చదువుతున్నాడు?’ అంటే ‘చాలా బాగా’ అన్న జవాబుతో అది గడిచిపోతుంది. దానికి బదులు టెల్పాస్ మార్కుల కాగితం పట్టుకెళ్లి, నాలుగింటిలో ఏది వెనకబడింది, దానికి వారంలో ఎన్ని గంటలు కేటాయిస్తున్నారు, జాబితా నుంచి బయటికి రావడానికి ఇంకా ఏం కావాలి అని అడగండి. బయటికి వచ్చాక కూడా బిడ్డ చదువును బడి గమనిస్తూ ఉండాలి, అదెవరు చూస్తారో అడగండి.

మరో సంగతి చాలామందికి తెలియదు. ఏ బిడ్డకు ఏ సాయం కావాలో తేల్చే కమిటీలో ఈఎస్ఎల్ విద్యార్థి తల్లో తండ్రో ఒకరు సభ్యులుగా ఉండాలన్నది టెక్సాస్ నియమం. ఆ కుర్చీలో తెలుగువాళ్లు కూర్చోవడం నేను రెండేసార్లు చూశాను.

కమిటీ దాకా వెళ్లలేకపోతే తరగతికి రండి. బడికి ముందుగా వివరాలిచ్చి అనుమతి తీసుకుంటే, ద్వారం దగ్గర గుర్తింపు కార్డు చూపించి చొక్కాకు స్టిక్కరు అంటించుకుని లోపలికి రావచ్చు. కిందటి ఏడు ఒక అమ్మమ్మ అలాగే వచ్చింది. ఆమె మనవరాలు చేరి రెండు నెలలైనా తరగతిలో నోరు విప్పలేదు. కొత్త భాషలో పడిన పిల్లలకు ఈ మౌనం మామూలే, లోపల పోగుచేసుకుంటూ ఉంటారు గనుక తొందరపెట్టం. అమ్మమ్మ ఓ పొడుపు కథ వేసింది: “కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు.” నేను ఇంగ్లీషులో చెప్పాను. తలుపులని ఒకరు, కిటికీలని ఒకరు అరిచారు. ఎల్ సాల్వడార్ దేశం నుంచి వచ్చిన పిల్లవాడు ‘కళ్లు’ అన్నాడు. సరే, దగ్గరగా వచ్చావు అనబోయాను.

“నో,” అంది మనవరాలు. తరగతంతా వెనక్కి తిరిగింది. ఇంగ్లీషులో ఆ మాట తెలియదు ఆ పిల్లకు. లేచి నిలబడి, రెప్పలు మూసి తెరిచి, మళ్లీ మూసి, వాటిని వేలితో తాకి చూపించింది. ‘ఐలిడ్స్’ అని బోర్డు మీద రాశాను. పక్కనే తెలుగులో ‘రెప్పలు’ అని ఆమే వచ్చి రాసింది, పకారం కింద ఒత్తు కాస్త వంకరగా.