తల్లికి మధుమేహం, బిడ్డకు గుండె లోపం: అపోహలు - వాస్తవాలు

పుట్టిన బిడ్డకు ఎకో (గుండె స్కాన్) తీసి గుండెలో లోపం ఉందని చెప్పగానే, మధుమేహం ఉన్న తల్లులు మాటిమాటికీ అడిగే ప్రశ్న ఒకటుంది: "మూడో నెల నుంచి షుగర్ కాస్త కూడా పెరగనివ్వలేదు కదండీ, మరి ఇలా ఎందుకైంది?" గర్భం నిలిచిందని తెలిశాక షుగర్ అదుపు చేసుకుంటే చాలునన్న అపోహ ఈ ప్రశ్నలోనే ఉంది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది అదే.

పిండంలో గుండె, గర్భం నిలిచిన మూడో వారంలో రూపుదిద్దుకోవడం మొదలై, ఎనిమిదో వారానికల్లా దాదాపు పూర్తవుతుంది. నెల తప్పిందని గమనించి, పరీక్ష చేయించుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లేలోపే గుండె గదుల మధ్య గోడలు లేవడం, పెద్ద రక్తనాళాలు విడివడడం చాలావరకు జరిగిపోతాయి. ఆ వారాల్లో తల్లి రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే ఆ నిర్మాణం దెబ్బతిని, జఠరికల (గుండె కింది గదుల) మధ్య రంధ్రం మొదలుకొని, పెద్ద ధమనులు తారుమారు కావడం వరకు రకరకాల లోపాలు రావచ్చు. మామూలుగా నూటికి ఒకరికి ఉండే ఈ ముప్పు, గర్భానికి ముందే టైప్ 1 లేదా టైప్ 2 మధుమేహం ఉన్న తల్లుల బిడ్డల్లో సుమారు 3 నుంచి 5 శాతం. అంటే నూటికి 95 మందికి పైగా పిల్లల గుండె నిర్మాణంలో లోపమేమీ ఉండదన్న సంగతి, భయపడుతున్నవారికి నేను ముందుగా చెబుతాను. అందుకే గర్భానికి కొన్ని నెలల ముందే, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీని, పదేపదే లో షుగర్ రాకుండా, 6.5 శాతం లోపుకు తెచ్చుకోవాలి. 10 శాతం దాటి ఉంటే గర్భాన్ని వాయిదా వేసుకోవడం మంచిది.

ఆరో నెలలో షుగర్ బయటపడిన తల్లులు "నా వల్లే రంధ్రం పడింది" అని కుమిలిపోతుంటారు. అప్పటికి గుండె ఏర్పడి నెలలు గడిచాయి కాబట్టి, అంతకుముందు నుంచీ గుర్తించని మధుమేహం ఉంటే తప్ప, ఆ అపరాధభావానికి ఆధారం లేదు.

గుండె గోడ మందం కావడం వేరే సంగతి. తల్లి నుంచి వచ్చే అదనపు గ్లూకోజ్‌కు బిడ్డ శరీరం ఎక్కువ ఇన్సులిన్ తయారుచేయడంతో జఠరికల మధ్య గోడ బలుస్తుంది. ఒకసారి ఒక తండ్రి, ఎవరో చెప్పిన మాట పట్టుకుని, బిడ్డకు గుండె మార్పిడి చేయాలేమోనని వణుకుతూ వచ్చాడు. తెర మీద ఆ మందమైన గోడను చూపించి, పుట్టాక ఇన్సులిన్ తగ్గడంతో ఇది చాలామందిలో ఆరు నెలల్లోపే పలచబడుతుందని వివరించాను. ఆ బిడ్డ విషయంలో అలాగే జరిగింది. అయితే రక్తం బయటకు పోయే దారి మూసుకునేంత మందమైతే, గుండె సంకోచాన్ని పెంచే డిగాక్సిన్ వంటి మందులు హాని చేస్తాయి.

ఇన్సులిన్ ఇంజెక్షన్ బిడ్డ గుండెను పాడుచేస్తుందన్నది వట్టి పుకారు. అది మావిని దాటి చెప్పుకోదగ్గ మోతాదులో బిడ్డకు చేరదు. ఆ పుకారు విని ఇంజెక్షన్ మానేయడమే అసలు ప్రమాదం.

18 నుంచి 22 వారాల మధ్య, కడుపులోని బిడ్డ గుండెకు చేసే స్కాన్ అయిన ఫీటల్ ఎకోలో పెద్ద లోపాలు చాలావరకు తెలుస్తాయి కానీ, చిన్న రంధ్రాలు దొరకకపోవచ్చు, గోడ మందం తర్వాతి నెలల్లో రావచ్చు. స్కాన్ బాగుందని చెప్పినా, పుట్టాక బిడ్డ ఆయాసపడినా, పాలు తాగుతూ చెమటలు పట్టినా, పెదవులు నీలంగా మారినా మళ్లీ ఎకో తీయించవలసిందే.